పాట మీద పడ్డ రోకలి

గీ వినైల్ రికార్డు బాన్సువాడల దొరకదని పార్సిల్ల తెప్పిచ్చుకున్న. ఒక సింగర్, ఆమె దోస్తులు కలిసి చేసిన విచిత్రమైన పాటలు. ఒక పాటల ఆమె అరుపులే, వెనుక ఇనుము మీద దెబ్బలు. ఇయ్యాల మధ్యాహ్నం సౌండ్ పెంచి పెట్టిన.

పక్కింటి లక్ష్మవ్వ తలుపు తన్ని లోపలికొచ్చి, రోకలితోని నా భుజం మీద ఒక్కటేసింది. రెండో దెబ్బకు నేను తప్పుకుంటే రికార్డు ముక్కలైంది.

"పెండ్లాన్ని గట్ల సంపుతున్నవేందిరా?"

"అవ్వా, అది పాట. మా ఆమె బిచ్కుంద ఊరికి పోయింది."

అవ్వ రోకలి పక్కకు పెట్టి కూలబడ్డది. "నేను గట్ల ఒర్లిన దినాల ఒక్కరు గూడ రాలే బిడ్డా."

నా చెయ్యి ఇంకా లేస్తలేదు. కోపం మాత్రం పోయింది. మీ పక్కింట్ల అరుపు వినబడితే ఉరుకుతరా, పాటేమో అని ఊకుంటరా?