గడి గోడతో మాట్లాడిన మా అన్న

పాలకుర్తి దగ్గరి మా ఊళ్లో దొరల మీద, నిజాం మీద సంఘం పోరాటం సాగిన రోజుల్లో భయపడని మనిషి లేడు. రజాకార్లు వస్తారని ఒక భయం, మనలోనే ఎవరో మాటలు మోస్తున్నారని ఇంకో భయం. కుక్క మొరిగితే ఇంటిల్లిపాదీ లేచి కూర్చునేవాళ్లం. అందుకే మా అన్నకు జబ్బు మొదలైందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. గోడల్లోంచి ఎవరో తన పేరు తీస్తున్నారని అన్న చెబితే, జాగ్రత్త ఎక్కువైందనుకున్నాం.

తర్వాత స్నానం మానేశాడు. అన్నంలో ఏదో కలిపారని పళ్లెం తోసేశాడు. నాగలి సగం సాలులో వదిలి చేలోనే కూర్చుండిపోయాడు. మధ్యాహ్నం పూట దొర ఉండే గడి వెనక్కి పోయి గోడతో మాట్లాడటం మొదలుపెట్టాడు. దొర అప్పటికే పట్నం పారిపోయాడు కానీ ఆయన మనుషులు గడిలోనే ఉన్నారు. గోడ అడుగున నీళ్లు పోయే తూము ఉంది. అన్న దాని మీదికి వంగి మాట్లాడేవాడు, నవ్వేవాడు.

వేరే రోజుల్లో అయితే పిచ్చి అనేవాళ్లు. ఆ రోజుల్లో మాత్రం ఊరికి తోచిన అర్థం ఒకటే: సంఘం సంగతులు లోపలికి చేరవేస్తున్నాడు. అట్లాంటి మనిషిని సంఘం సాయుధ దళం ఏం చేస్తుందో అందరికీ తెలుసు.

పక్కింటామె వాకిట్లో నిలబడి మా అవ్వను, అంటే మా అమ్మను, ఎత్తిపొడిచింది. "మీ పెద్దోడు దొరోళ్లకు సుట్టమైండట గదనే!"

"సుట్టమైతె దొర గుంజుకున్న చేను మాకు ఇడిపియ్యకపోవునా? నీ నోట్ల మన్నువడ" అంది అవ్వ. లోపలికి వచ్చాక మాత్రం తలుపు గడియ వేసింది.

ఒక మధ్యాహ్నం దళం మనిషి వచ్చాడు. మాకు తెలిసినవాడే, మా ఇంట్లో ఎన్నోసార్లు తిన్నవాడే. అవ్వ జొన్న గట్క, మజ్జిగ తెచ్చి ముందు పెట్టింది. ముట్టుకోలేదు. ఉప్పు తిన్న పూట ఆ ఇంటి మనిషి మీద చెయ్యి ఎత్తరు మా దిక్కు. వచ్చిన పనేమిటో మాకు అర్థమైంది.

"నీ పెద్దకొడుకు గోడకాడ ఎవలతోని మాట్లాడుతుండవ్వా?"

"ఎవలతోని లేదు నాయినా. గాలి సోకింది వానికి. మైసమ్మకు మొక్కిన."

"అందరు గట్లనే అంటరు."

"అయితె నువ్వే కూసో వానికాడ. పొద్దుగూకెదాక కూసో. నీకెట్ల తోస్తె గట్ల చెయ్యి."

కూర్చున్నాడు. అన్న మా ఇంటి గోడకేసి తిరిగి గొణుగుతూ, మధ్యమధ్య చెవులు మూసుకుంటూ ఉన్నాడు. కొంతసేపటికి దళం మనిషి అడిగాడు. "ఏమంటున్రు తమ్మీ?"

"నన్ను సంపనీకె నిన్ను పంపిండ్రంటున్రు."

అవ్వ కల్పించుకుంది. "లేదు బిడ్డా, ఎవ్వలు సంపరు. ఊకెనే వచ్చిండు."

అన్న ఆమె మాట విననే లేదు. "నీ అంగి కింద తుపాకిల ఒకడు కూసున్నడు. నవ్వుతుండు వాడు. నిన్ను గుడ ఉండనియ్యడట, పైలం" అన్నాడు. జాగ్రత్తగా ఉండమన్నది బెదిరింపుగా కాదు, నిజంగానే అతని మీద జాలిపడి.

 చివరికి దళం మనిషి గట్క గిన్నె దగ్గరికి లాక్కుని మొత్తం తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "ఊర్ల ఉంచకున్రి. నా మాట అందరు వినరు" అన్నాడు.

మర్నాడే అన్నను దంతాలపల్లిలో మేనమామ ఇంటికి తీసుకుపోయాం. ప్రాణం దక్కింది.

పోరాటం ముగిసింది. అందరి భయాలూ మెల్లగా పోయాయి, అన్న భయం పోలేదు. తాయెత్తులు కట్టించాం, దర్గాల చుట్టూ తిప్పాం, కొన్నాళ్లు కట్టేసి కూడా ఉంచాం. "ఎవరూ లేరన్నా" అని నేనంటే ప్రతిసారీ ఒకటే జవాబు.

"గానాడు గుడ అవ్వ గట్లనే అన్నది. మరి వచ్చిండా లేదా?"

ఆ రోజు గొంతులు చెప్పిందే నిజమైంది.

ఎన్నో ఏళ్ల తర్వాత వరంగల్ పెద్ద దవాఖానలో డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పాడు, స్కిజోఫ్రీనియా అని. అది దయ్యమూ కాదు, ఎవరి పాపమూ కాదు. నా గొంతు అన్నకు ఎంత స్పష్టంగా వినిపిస్తుందో గోడలో గొంతులూ అంతే స్పష్టంగా వినిపిస్తాయి అన్నాడు. మందులతో తగ్గవచ్చు, పూర్తిగా పోకపోవచ్చు. దళం మనిషి సంగతి చెప్పాను. ఆయన "అయితే వాదించి మీరు గెలవలేరు. మాటలు మీకు వినిపించడం లేదని చెప్పండి. భయం మాత్రం నిజమని ఒప్పుకోండి" అన్నాడు.

అప్పటినుంచి అట్లాగే చేశాను. "నాకైతె వినవడుత లేదన్నా. నీకు భయమైతుందా?"

"అయితుంది."

గోళీలు కొన్నాళ్లు మింగేవాడు, కొన్నాళ్లు ఉమ్మేసేవాడు. ఆ ఏళ్ల నా డైరీల్లో పెద్ద విశేషాలేమీ లేవు. తిన్నాడు, తినలేదు, పడుకున్నాడు, అంతే. పంతులుగా పనిచేసే బడి నుంచి నేను ఇంటికి వచ్చేసరికి మంచం మీద కూర్చుని నా కోసం చూస్తుండేవాడు.

"దర్వాజ దిక్కు నువ్వు కూసో, నేను జర పండుకుంట" అనేవాడు.

ఎంత అలసిపోయి ఉన్నా కుర్చీ అటు తిప్పుకుని కూర్చునేవాణ్ణి. ఎవరూ వచ్చేది లేదు. అన్న నిద్రపోయేవాడు.