గంపలో వచ్చిన తాబేలు గుడ్లు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. నూట పద్దెనిమిది తాబేలు గుడ్లు పోయాయి. వాటిలో ఏడింటిని ఒకావిడ జాగ్రత్త కొద్దీ తన చేత్తోనే పారేసింది. మిగిలిన నూట పదకొండూ మేము ఇసుకలో పెట్టాక పోయాయి. ఆ తర్వాత ఆవిడ ఉండే వీధి పోయింది. ఇళ్లు అక్కడే ఉన్నాయి, ఇరవై మూడు గడపలు. పోయింది మా మాట మీద వాళ్లకున్న నమ్మకం. దానికి ఎంత వేసుకోవాలో నాకు తెలియదు, అందుకే కూడికలో కలపలేదు.

లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. పదో తరగతితో చదువు ఆగింది. పోర్టు దగ్గర ఒక యార్డులో లారీలు తూచే కాటా మీద పని. నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేస్తే బొగ్గు ఎంతో తేలుతుంది. ఇన్నేళ్లూ ఆ ఒక్క తీసివేతతోనే ఇల్లు గడిచింది. సెలవు రోజున గాజువాకలో బస్సెక్కి సముద్రం ఒడ్డుకు వెళ్లేవాణ్ణి. చలికాలం చివర ఒడ్డున చచ్చిన తాబేళ్లు పడి ఉండేవి. నడుస్తూ వాటిని లెక్కపెట్టడం అలవాటైంది. అలా లెక్కపెడుతుంటే ఒక మేడమ్ చూసి, తాబేలు గుడ్లను కాపాడే పనిలోకి రమ్మంది. ఆవిడది ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం. వాళ్లు ఒడ్డున వల కంచె కట్టి, లోపల ఇసుకలో గుంటలు తీసి, కుక్కల పాలూ మనుషుల పాలూ కాకుండా తెచ్చిన గుడ్లను పూడ్చేవారు. నెలన్నర దాటాక పిల్లలు పైకి వస్తే సముద్రంలో వదిలేవారు. ఎన్ని పెట్టాం, ఎన్ని లేచాయి అన్న లెక్క నాకు అప్పగించారు.

ఆ ఏడాది జాలర్ల వీధిలో అవగాహన సభ పెట్టారు. అరవై నాలుగు మంది వచ్చారు. నవ్వుతున్న తాబేలు బొమ్మతో కరపత్రాలు పంచారు. గుడ్లు తినకండి, అమ్మకండి, మాకు తెచ్చి ఇవ్వండి అని వాటి మీద ఉంది. సముద్రం వేడెక్కడం గురించీ, ఒడ్డు కోసుకుపోవడం గురించీ మేడమ్ చక్కగా చెప్పింది. గాజువాక మార్కెట్లో నాకు చేపలమ్మే ఆవిడ వెనక వరసలో కూర్చుని ఉంది. ఆవిడే లేచి అడిగింది.

"మరైతే పిల్లలు సముద్రంలోకెల్లినప్పుడు మాకు సూపిత్తారా?"

"గుడ్లు వొండుకుంటే ఒక పూటెల్తాది. పిల్లల్ని సూత్తే కడుపు నిండుద్దేటే?" అన్నాడు పక్కనున్న ఆవిడ భర్త.

"నీ కడుపు ఇన్నాళ్లూ దేనికి నిండినాది గనక."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ వీధిలో పెద్ద వల అతనిది. అతను ఊ అంటే మిగతా పడవలూ ఊ అంటాయి. నవ్వు ఆగాక అందరూ వినేలా చెప్పాడు.

"సరే. ఈసారి మనకి దొరికిన గుడ్లు ఎట్టుకెల్లి ఇయ్యి. అయి పిల్లలై లెగిత్తే నాను ముట్టను, మావోల్లనీ ముట్టనివ్వను. లెగకపోతే మాత్రం ఈ తాబేళ్ల మాట మల్లీ నా ముందు ఎత్తకు."

మూడు వారాలకు ఆవిడ షేర్ ఆటోలో వచ్చింది. ఒళ్లో చేపల గంప. గంపలో ఊక పరిచి, ఊకలో గుడ్లు పేర్చి, పైన తడిగుడ్డ కప్పి ఉంది. మధ్యలో ఒక ఇనుప మేకు గుచ్చి ఉంది. తెల్లవారకముందే వల దగ్గర భర్తకు తాబేలు గుడ్లు పెట్టిన గుంట కనబడిందట. ఆవిడ మా దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం కావస్తోంది.

"మేకెందుకమ్మా?" అన్నాను.

"ఉరుములకి గుడ్లు సెడిపోకండా. కోడిని పొదగేసినప్పుడు మీ ఇంట్లో ఎట్టరా? లెక్కెట్టుకో బాబూ, నూట పదకొండు."

లెక్కపెట్టాను. నూట పదకొండే. ఇసుక రేణువు లేకుండా తెల్లగా మెరుస్తున్నాయి. ఆ రోజు మేడమ్ ఇంకో ఒడ్డుకు వెళ్లింది. నేనూ, కంచె కాపలా కాసే మనిషీ కలిసి పూడ్చాం. ఆవిడ మేకును కూడా గుంటలో గుడ్ల పక్కనే పెట్టించింది.

తర్వాత ప్రతి వారం చేపలు అమ్ముడయ్యాక వచ్చి కంచె బయట కూర్చునేది. "నా పిల్లలు ఏటి సేత్తన్నారు?" అని అడిగేది. పడుకున్నాయి అనేవాణ్ణి. పక్క గుంటల్లో పిల్లలు లేచాయి. అరచేతిలో సగం కూడా లేని పిల్లలు ఇసుక తోసుకుంటూ పైకి వచ్చి నీళ్ల వైపు పాకాయి. ఆవిడ గుంట మాత్రం కదల్లేదు. రెండు నెలలు దాటాక, ఇక తవ్వి చూడాలి అంది మేడమ్.

ఆ పొద్దున ఆవిడ వీధి పిల్లల్ని తెచ్చింది. వాళ్ల వెనకాలే భర్త కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు. మేడమ్ చేతులతో ఇసుక తీసింది. గుడ్లన్నీ పసుపు తిరిగి, సొట్టలు పడి ఉన్నాయి. ఒకదాన్ని చీల్చింది. వాసన వచ్చింది. పిల్లలు ముక్కులు మూసుకుని పారిపోయారు. మేకు తుప్పు పట్టి కిందనుంచి బయటపడింది.

"ఎలా తెచ్చావమ్మా వీటిని?" అని మేడమ్ అడిగింది.

ఆవిడ అంతా చెప్పింది, ఏదీ దాచలేదు. గుడ్లు ఇంటికి తెచ్చి ఇసుక కడిగింది. కోడిగుడ్లను చూసినట్టే బేసిన్ నీళ్లలో వేసి చూసింది. తేలినవి మురిగినవని ఏడు తీసి పారేసింది. మునిగినవాటిని తుడిచి, ఒక్కొక్కటీ తిప్పి చూసి గంపలో పేర్చింది. "మంచియే ఎంచి తెచ్చినాను గదమ్మా," అంది.

మేడమ్ నా వైపు చూసి చిన్నగా చెప్పింది. తాబేలు గుడ్డు పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పైపెంకుకు అంటుకుంటుందట. కోడి తన గుడ్లను రోజూ ముక్కుతో దొర్లిస్తుంది కానీ వీటిని కదపకూడదు. తిరగబడితే పిండం చచ్చిపోతుంది. ఆ మాట ఆవిడకు చెప్పాల్సిన పని నామీద పడింది. చెప్పాను.

ఆవిడ ఇసుకలో కూర్చుని మేకును ఏరి కొంగుతో తుడిచింది. తర్వాత మెల్లగా అడిగింది. "తిప్పకూడదని మీటింగులో ఎవులు సెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. ఇంటికి వెళ్లి కరపత్రం మళ్లీ చదివాను. తెచ్చి ఇవ్వండి అని ఉంది. ఎలా తేవాలో లేదు.

భర్త ఆ పొద్దున ఎగతాళి చేయలేదు. "పద, ఎండెక్కుతంది," అని గంప తనే ఎత్తుకున్నాడు. ఎగతాళి చేసి ఉంటే బాగుండేది, ఆవిడ తిరిగి ఏదో ఒకటి అనేది. ఆ తర్వాత ఆ వీధి నుంచి ఒక్క గుడ్డూ రాలేదు. ఒడ్డున గుడ్ల కోసం గుంటలు తవ్విన గుర్తులు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి.

ప్రాజెక్టు ముగిసింది. మేడమ్ వేరే ఊరికి బదిలీ అయింది. వెళ్లేముందు నివేదిక చూపించింది. అవగాహన పొందినవారు అరవై నాలుగు మంది అని ఉంది అందులో. ఆ అరవై నాలుగులో ఆవిడా ఉంది, ఆవిడ భర్తా ఉన్నాడు. కూడిక తప్పు కాదు. కాగితం తిరిగి ఇచ్చేశాను.

ఇప్పటికీ సీజన్‌లో ఒడ్డుకు వెళ్తున్నాను. ఇసుక ఏటేటా సన్నబడుతోంది. కంచె ఒక ఏడు ఉంటుంది, ఒక ఏడు ఉండదు. చచ్చిన తాబేళ్లు మాత్రం ఏ ఏడూ తప్పకుండా వస్తాయి. వచ్చే ఏడు తగ్గుతాయని ఒకప్పుడు ఇంట్లో చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పడం లేదు, వాళ్లూ అడగడం లేదు.

మొన్న మార్కెట్లో ఆవిడ చేపలు తూస్తూ, తక్కెడ ముల్లు మీదనుంచి కళ్లు తీయకుండా అడిగింది.

"నా పిల్లల్ని ఎప్పుడిత్తావ్, లెక్కల బాబూ?"

"పోయినేడు వేరే గుంటలో తొంభై నాలుగు లేచాయమ్మా. నేనే వదిలాను. అవి జమ వేసుకో."

"అయి ఎవులియో. నాయి కావు."

"అయితే నూట పదకొండు ఉన్నట్టేనా?"

ఆవిడ చేపలు సంచిలో వేసి నా చేతికిచ్చింది. "ఆ ఏడు గుడ్లూ కూడా ఎయ్యి. అయ్యీ మంచియేనేమో. తేలినాయని నానే పారేసినాను."

వేశాను. నూట పద్దెనిమిది. ఇవాళ్టికీ ఒక్కటీ తీరలేదు.