ఇడువకు అని అరిచింది నేనే

మా చెల్లెలు కుస్తీ పట్టేది. కిషన్‌బాగ్‌లో మా ఇంటికి నాలుగు గల్లీల అవతల కుస్తీ నేర్పే పాత తాలీం ఒకటి ఉంది. ఆ మట్టిలో మగవాళ్లతో సమానంగా కసరత్తు చేసిన మొదటి ఆడపిల్ల ఆమే. నేను కంచన్‌బాగ్‌లో ఫిట్టర్‌ని. నాన్న పోయాక ఇంట్లో అమ్మ, చెల్లెలు, నేను. టీవీలో బలపరీక్షల పోటీ ఒకటి వస్తోందని తెలిసి ఫోన్‌లో దరఖాస్తు నింపింది నేనే. ఆమె అడగలేదు.

మూడు వారాలు నెగ్గుకొచ్చింది. టైర్లు దొర్లించింది, ఇసుక బస్తాలు మోసింది, తాడు పట్టుకుని గోడ ఎక్కింది. బస్తీలో ఎవరు కనబడ్డా "చెల్లె ఎట్లున్నది భాయ్?" అని అడుగుతుంటే నాకు గర్వంగా ఉండేది.

నాలుగో పోటీ రోజు పొద్దున వ్యాన్ కోసం నిలబడ్డాం. ఆమె కుడి భుజం పట్టుకుని, "అన్నా, గోడ ఎక్కినకాడికెల్లి గిక్కడ గుంజుతున్నది. చెయ్యి లేస్తలేదు" అంది.

"మందు రాసుకో. ఇయ్యాల ఒక్కరోజు ఓర్చుకో. గెలిస్తే ఫైనలే గద" అన్నాను.

ఆమె ఎడమచేత్తో సంచి అందుకుని వ్యాన్ ఎక్కింది.

ఆరోజు పోటీ చూడ్డానికి తేలికే. నీళ్ల తొట్టి పైన ఇనుప కడ్డీ. చెల్లెలు, ఇంకో అమ్మాయి ఇద్దరూ దాన్ని పట్టుకుని వేలాడాలి. ముందు చేతులు వదిలినవాళ్లు ఇంటికి. నేను ముందు వరసలో కూర్చున్నాను. రెండు నిమిషాలు దాటేసరికి ఆమె మొహం నల్లబడింది. మెడ తిప్పి నన్ను వెతుక్కుంది.

"ఇగ దిగుతనన్నా."

నేను లేచి నిలబడి, "పట్టుకో! ఇడువకు!" అని అరిచాను. చుట్టూ ఉన్నవాళ్లు అందుకున్నారు. ఆమె కళ్లు మూసుకుంది. కాసేపటికి అవతలి అమ్మాయి నీళ్లలో పడింది.

గెలిచామని నేను గంతులేస్తుండగా షూటింగ్ మనిషి ఒకడు వచ్చి, "క్లోజప్ సరిగ్గా పడలేదమ్మా. ఇంకొక్క అర నిమిషం వేలాడండి చాలు" అన్నాడు. ఆమె మళ్లీ నా వైపే చూసింది. వద్దని చెప్పడానికి నాకు ఒక్క మాట చాలు. సరేనని తల ఊపాను.

ఈసారి అర నిమిషం కూడా పట్టలేదు. ఒంటిచేత్తో గిలగిలా కొట్టుకుని తొట్టిలో పడింది. బయటికి తీస్తే కుడిచెయ్యి ఎవరిదో అన్నట్టు వేలాడుతోంది.

ఆసుపత్రిలో డాక్టర్ కీలు జారిందని, లోపలి కండరం పూర్తిగా తెగిందని చెప్పి, "ముందు నుంచే నొప్పి ఉందా?" అని అడిగాడు.

"లేదు సార్" అంది ఆమె, నా వైపు చూడకుండా.

ఫైనల్‌కి ఆ ఓడిపోయిన అమ్మాయినే తీసుకున్నారు. ప్రసారమైన ఆదివారం సాయంత్రం బస్తీ అంతా మా ఇంట్లోనే ఉంది. తెరమీద డప్పుల సంగీతం, చెల్లెలి బిగిసిన పిడికిళ్లు. దిగుతానన్న మాట కత్తిరించేశారు. నా అరుపు మాత్రం గట్టిగా వినిపించింది. అందరూ నా వీపు తట్టారు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. వెనకే వెళ్లాను.

"దిగుతనని చెప్పిన గద. నీకు ఇనబడలేదా?"

"గంత లొల్లిల ఏం ఇనబడ్తది?"

వినబడింది. స్పష్టంగా వినబడింది.

"సరే తియ్యి. నేనే ఇడువనన్న అని అమ్మకు చెప్పిన. నువ్వు గూడ గట్లనే చెప్పు" అంది.

ఆపరేషన్ అయింది. చెయ్యి భుజం దాకా లేస్తుంది, అంతకుమించి లేవదు. ఇప్పుడు చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో పనిచేస్తోంది. తాలీం ఉన్న గల్లీలోంచి పోకుండా చుట్టు తిరిగి ఆటో ఎక్కుతుంది. రోజూ అమ్మే జడ వేస్తుంది. మొన్న అమ్మ చుట్టాలింటికి పోయిన రోజు నేను దువ్వెన తీసుకుని దగ్గరికి వెళ్లాను.

"వద్దన్నా" అంది మెల్లగా. రబ్బరు బ్యాండు పళ్లతో పట్టుకుని, ఎడమచేత్తో జుట్టు ముడేసుకుని పనికి వెళ్లిపోయింది.