జాకెట్ మెడకు కత్తిరించిన ఆకు

నా పుస్తకాల అరలో ఒక పాత కాగితం ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ కుట్టుమిషన్ నూనె, ఉడికించిన కందికాయలు కలిసిన వాసన వస్తుంది. అది కాగితంలో ఉందో, నా జ్ఞాపకంలో ఉందో తెలియదు.

తాండూరులో మా పక్కింట్లో ఖైరున్నీసా ఆపా జాకెట్లు కుట్టేది. చలికాలం సాయంత్రాలు, బండల పాలిష్ కార్ఖానాల తెల్లటి దుమ్ము గడపల మీద పేరుకుంటుంటే, ఉప్పేసి ఉడికించిన కందికాయలు ఒలుచుకు తింటూ, గ్రంథాలయం నుంచి తెచ్చిన ప్రేమకథల సంపుటి ఆమెకు చదివి వినిపించేదాన్ని. ఆమెకు తెలుగు మాటే గాని అక్షరం రాదు. ఆరో తరగతి పిల్లను, ఆ కథల్లోని కోరికలూ నిరాశలూ నాకు సగమే అర్థమయ్యేవి; మిషన్ ఏ వాక్యం దగ్గర ఆగితే అక్కడేదో ఉందని కనిపెట్టేదాన్ని.

ఒక కథలో, ఊరు విడిచిపోయిన వాడి కోసం ఒకామె ఎదురుచూస్తుంది. ఆపా కూడా బొంబాయి పోయిన ఒక కార్ఖానా మనిషి కోసం చూస్తోందని వాడంతటికీ తెలుసు. సరిగ్గా ఆ వారమే ఆమెకు బషీరాబాద్ నుంచి సంబంధం వచ్చింది.

"గామె ఆగిందా, వేరే నిఖా చేసుకుందా? జర జల్ది చదువు బిడ్డా."

చూస్తే కథ చివరి ఆకు లేదు. ఆపా మొహం చూసి, "ఆగింది ఆపా, ఆయన వచ్చిండు" అని, ఉన్న పేజీ మీదే వేలు కదుపుతూ పెళ్లి దావత్ దాకా అల్లేశాను. మర్నాడు ఆపా సంబంధం వద్దంది. బొంబాయి మనిషి మాత్రం రాలేదు.

పదితో నా బడి ఆగింది గాని గ్రంథాలయం ఆగలేదు. వికారాబాద్‌లో పిన్నమ్మ ఇంట ఉంటూ అక్కడి అరలన్నీ వరసగా చదువుతుంటే, అదే పుస్తకం ఆకులేవీ పోకుండా దొరికింది. కథలో ఆమె ఆగలేదు, ఇంకొకరిని చేసుకుంది. మరుసటి ఆదివారమే రైలెక్కి తాండూరు వచ్చి, ఆపా ముందు ఏడుస్తూ అంతా చెప్పాను.

ఆపా పకపకా నవ్వింది. "నాకప్పుడే ఎర్కనే! గంతసేపు చదివినవ్, ఒక్క పేజీ తిప్పలే. అందరికీ బిర్యానీ గూడ పెట్టిస్తివి!"

"మరెందుకు ఆగినవ్?"

"కథనడిగి ఆగుతరా పిచ్చిదానా? నాకు ఆగబుద్ధైంది, ఆగిన."

తర్వాత, జాకెట్ల కొలతకు మెడలూ చేతులూ గీసి కత్తిరించుకున్న కాగితాల కట్ట విప్పి ఒకటి తీసింది. "నీ పుస్తకంలకెల్లి ఊడి కింద పడితె, ఉత్త కాయితమనుకొని మెడకు కోసిన. గిదేనా?"

అదే.

ఇప్పుడు ఆపా లేదు. ఆమె మిషన్ ఉన్న గది ఫోన్ల దుకాణమైంది. కాగితం నడుమ మెడంత ఖాళీ. అక్కడ ఏ మాటలుండేవో నేను చూడకుండా చెప్పగలను. ఆగబుద్ధైన ఆ మనసులో ఏముండేదో మాత్రం, ఇన్ని పుస్తకాలు చదివినా తెలియక, ఆ ఖాళీలోంచి ఇంకా తొంగి చూస్తూనే ఉన్నాను.