అంగట్లో పడుకోకూడదు

మొన్న శుక్రవారం సాయంత్రం మా షోరూములో ఒకావిడ బిల్లు ఆలస్యమవుతుంటే విసుగ్గా ఉంగరంతో గాజుబల్ల మీద టకటకమని కొట్టింది. నేను ఆ చివర పెళ్ళివారికి పట్టుచీర అంచు చూపిస్తున్నాను. ఆ చప్పుడు చెవిన పడగానే చేతిలోని చీర వదిలేసి, "వస్తున్నానమ్మా" అంటూ నాలుగడుగులు వేసేశాను. పెళ్ళివారు తెల్లబోయి చూశారు. నవ్వేసి వెనక్కి వచ్చాను గానీ, ఆ తర్వాత షోరూము మూసేదాకా నాకు కుదురు లేదు. తిరుపతికి వచ్చి ఏళ్ళు గడిచినా, ఉంగరం చప్పుడు వింటే నా కాళ్ళు ఇంకా చిత్తూరులోని ఆ ఇరుకు అంగట్లోనే ఉన్నట్టు కదులుతాయి.

అలివేలమ్మగారిని మీరెవరూ చూసి ఉండరు. చిత్తూరు బజారువీధిలో చీరల అంగడి ఆమెది. మామగారి కాలం నాటిది. భర్త పోయాక గల్లాపెట్టె దగ్గర ఆమే కూర్చుంది. కూర్చుంది అనడం మాటవరసకే, ఆమె ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. లేచి ఒక మడత సరిచేసేది, గడప దాకా వెళ్ళి వీధిలోకి తొంగిచూసేది, కాఫీ సగం తాగి ఎక్కడో పెట్టి మరిచిపోయేది. మమ్మల్ని పిలవాలంటే నోరు వాడదు, ఉంగరంతో బల్ల మీద కొడుతుంది. నోరు వాడిందంటే తిట్టడానికే. ఆ అంగట్లో చీరలమ్మే పనిలో నాకు పన్నెండేళ్ళు గడిచాయి. ఆ తిట్లలో సగం నాకు తగినవే, మిగతా సగం ఆమెకు తోచక తిట్టినవి.

ఆమెకు పట్టింపులు చాలా ఉండేవి. సరుకు లేకపోయినా "లేదు" అనకూడదు, "వస్తా ఉండాది" అనాలి. కత్తెర ఊరికే ఆడించకూడదు. అన్నిటికంటే పెద్ద పట్టింపు ఒకటి. అంగట్లో పడుకోకూడదు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ కూడా ఎవరూ నడుం వాల్చడానికి వీల్లేదు. లక్ష్మి నిలబడి ఉన్నచోట మనిషి పడుకుంటే ఆమె వెళ్ళిపోతుందని ఆ ఇంటి నమ్మకం. చల్లగా ఉందని పిల్లి వచ్చి చీరలు చూపే పరుపు మీద ముడుచుకుంటే దాన్ని కూడా లేపి తరిమేది. ఒకసారి తనే ఒళ్ళు కాలిపోయే జ్వరంతో వచ్చి, సాయంత్రం దాకా గోడ పట్టుకుని తిరిగిందే తప్ప ఒక పక్కకు ఒరగలేదు. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

చీరలమ్మేవాడి పని చూసేవాళ్ళకు తేలిగ్గా ఉంటుంది. తెల్లగుడ్డ పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని, ముందుకు వంగి చీర విసరాలి. మళ్ళీ వంగి దగ్గరికి లాక్కోవాలి, మడత పెట్టాలి. "ఇంకోటి తియ్యప్పా" అంటే మళ్ళీ మొదలు. నాకు నొప్పి ముందు నడుములో చిన్న పోటుగా మొదలైంది. తర్వాత ఎడమ కాలి వెంట పిక్క దాకా కరెంటు పాకినట్టు దిగేది. కూర్చుంటే ఓర్చుకోలేను, పడుకుంటే నిద్ర పట్టదు, ఇంట్లో ఊరికే తిరుగుతూ పిల్లల మీద కసురుకునేవాణ్ణి. రాసుకునే మందులు అయ్యాయి, నడుంపట్టీ అయింది. మా బావమరిది పట్టుబట్టి పుత్తూరు కట్టుకు తీసుకెళ్ళాడు. వాళ్ళు తడిమి చూసి, "ఎముక ఇరగలేదు గదప్పా, కట్టేదానికి ఏముండాది" అని పైసా తీసుకోకుండా పంపేశారు. చివరికి స్కానింగు కోసం మా ఆవిడ తన చీటీని నష్టానికి ముందే పాడేసుకుంది. ఆ ఫిల్ములు చూసిన పెద్ద డాక్టరు, ఆపరేషను సంగతి తర్వాత చూద్దాం, ముందు తిరుపతిలో ఫిజియోథెరపీ చేయించుకో అన్నాడు.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మిషను పెడుతుందేమో, నొప్పి లాగేస్తుందేమో అనుకుని వెళ్ళాను. ఆమె నన్ను బోర్లా పడుకోబెట్టి, చేతులు ఆనించి ఛాతీని పైకి లేపమంది. అంతే. ఇంతదానికి డబ్బు కట్టాలా అని నాకు లోపల ఒకటే మంట. నాలుగైదు సార్లు వెళ్ళేసరికి పిక్కలో పోటు తగ్గి, నడుములో ఎక్కువైంది. "కాలు వదిలి నడుం పట్టుకునింది, ఇదేం వైద్యమమ్మా" అని గట్టిగానే అడిగాను. ఆమెకు కోపం రాలేదు. "నొప్పి పైకి వస్తోందంటే మంచిదే అన్నా. ముందు కాలు ఖాళీ చేస్తుంది, తర్వాత నడుము కూడా ఖాళీ చేస్తుంది" అంది.

అయితే చిత్తూరు నుంచి రానూపోనూ బస్సు ఛార్జీలు, అక్కడి ఫీజు, ఆ పూట జీతం కోత, మూడూ కలిస్తే మా ఇల్లు తట్టుకోలేకపోయింది. పైగా బస్సులో కూర్చుంటే చేయించుకున్నదంతా పూతలపట్టు దాటేలోపే మళ్ళీ కాల్లోకి దిగేది. అందుకని నిలబడే ప్రయాణం చేసేవాణ్ణి. "సీటు కాళీగా ఉండాది, కూర్చోప్పా" అని కండక్టరు అంటే, వద్దని తల ఊపేవాణ్ణి. మూడో వారం డాక్టరమ్మతో ఇక రాలేనని చెప్పేశాను. ఆమె నన్ను బలవంతపెట్టలేదు. "నెలకోసారి వచ్చి చూపించుకోండి చాలు. కానీ ఈ వ్యాయామం రెండు గంటలకోసారి చెయ్యాలి. పొద్దున సాయంత్రం చేస్తే సరిపోదు. మీరు రోజంతా వంగే మనిషి, రోజంతా దాన్ని సరిచేసుకుంటూ ఉండాలి. దీనికేం ఖర్చు లేదన్నా" అంది. ఖర్చు లేదన్న మాట నిజమే. కానీ మనిషి పొడవు నేల కావాలి. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నాకు అదే దొరకదు.

ఆ నేల కోసం నేను పడిన పాట్లు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అంగడి వెనక సందులో మురుగుకాలువ. టీ కొట్టు బల్ల జానెడు వెడల్పు. ఒక ఆఫీసు వరండాలో పడుకుంటే వాచ్‌మన్ కర్రతో లేపాడు. చివరికి ఎన్నడో మూతబడిన ఒక సినిమా హాలు టిక్కెట్ల కిటికీ కింద పేపరు పరుచుకుని, కాఫీకి వెళ్తున్నానని చెప్పి వచ్చి చేసుకునేవాణ్ణి. మూడో రోజో నాలుగో రోజో లారీ ఆఫీసు మనిషి ఒకడు చూశాడు. నేరుగా అంగడికి వెళ్ళి, మీ మునిరత్నం పట్టపగలే తాగి బోర్లా పడిపోయినాడని చెప్పాడు.

నేను తిరిగొచ్చేసరికి ఉంగరం మోగుతోంది. వెళ్ళి నిలబడ్డాను.

"ఊదు" అంది అలివేలమ్మగారు.

"అమ్మా?"

"నోరు తెరిసి ఊదప్పా."

ఊదాను. ఆమె ముక్కు ముందుకు పెట్టి వాసన చూసింది. ఏమీ లేకపోయేసరికి ఇంకా కోపం వచ్చింది. "తాగకుండా ఆడెందుకు పండుకున్నావు?"

అంతా చెప్పాను. ఆమె వింటూనే రెండుసార్లు లేచి కూర్చుంది. "ఆ పనేదో ఇంట్లో చేసుకో" అంది.

"పొద్దున చేసుకొనే వస్తానమ్మా. ఈడ గంటసేపు వంగితే మళ్ళా కాల్లోకి దిగతా ఉండాది."

"చెయ్యకపోతే?"

"కాలు మొద్దుబారి పోతాదంట, అప్పుడింక ఆపరేషనే. ఆ పైన పరుపు మీద కూర్చోగలనో లేదో తెలీదమ్మా. నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు."

ఆమె ఆ మధ్యాహ్నమంతా గడపకూ గల్లాకూ మధ్య తిరుగుతూనే ఉంది. చీపుర్లమ్మే ఆమెతో అకారణంగా జగడం పెట్టుకుంది. రాత్రి షట్టరు దించేటప్పుడు నా వైపు చూడకుండా, "రేపటి నుంచి ఆ మూల బీరువా ఎనక పండుకో. నా కంట మాత్రం పడొద్దు" అంది. మర్నాటి నుంచి నేను బీరువా వెనక్కి వెళ్ళినప్పుడల్లా ఆమె లేచి దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించి చెంపలు వేసుకునేది. రెండు గంటలకోసారి నేను పడుకోవడం, ఆమె చెంపలు వేసుకోవడం. కర్పూరం ఖర్చు నా జీతంలో పట్టుకుంటానని బెదిరించింది గానీ ఎప్పుడూ పట్టుకోలేదు.

నొప్పి నిజంగానే వెనక్కి తగ్గసాగింది. ముందు పిక్క వదిలింది, తర్వాత తొడ. సరిగ్గా అప్పుడే ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేని నెల ఎలాగూ మందమే. దానికి తోడు పెద్దరోడ్డు మీద అద్దాల మేడలో కొత్త చీరల షోరూము తెరిచారు. మా వీధిలోకి వచ్చే జనం తగ్గిపోయారు. బోణీ కాని రోజులు కూడా గడిచాయి. ఒక మధ్యాహ్నం అలివేలమ్మగారి మరిది గోవిందస్వామి వచ్చాడు. అంగట్లో ఆయనకూ కొద్దిపాటి వాటా ఉంది. నేను అప్పుడే బీరువా వెనక నుంచి లేచి వస్తున్నాను. అందరూ వింటుండగానే ఆయన అన్నాడు.

"వదినా, దినామూ ఒకడు శవం మాదిరి అంగట్లో పండుకుంటా ఉంటే లచ్చిమి యాడ నిలస్తాది? వాని లెక్క సూసి ఈ పొద్దే పంపించెయ్."

తోటి పనివాళ్ళ వైపు చూశాను. ఒక్కరూ తలెత్తలేదు. వాళ్ళలో కొందరు ఆ మాట నమ్ముతున్నారని వాళ్ళ ముఖాలే చెబుతున్నాయి. పోయేది నా పని. పోతే ఈ నడుముతో ఊళ్ళో ఇంకెవరూ నన్ను పరుపు ఎక్కించరు. చెప్పులు ఎక్కడ విడిచానా అని చూసుకుంటున్నాను.

అలివేలమ్మగారు గల్లా దగ్గర నుంచి లేచింది. ఉంగరం కొట్టలేదు, తిట్టలేదు. వచ్చి పరుపెక్కి, చీర కుచ్చెళ్ళు దగ్గరికి తీసుకుని, మోకాళ్ళ మీద వంగి, మెల్లగా బోర్లా పడుకుంది. అరవై దాటిన భారీ మనిషి, నడి అంగట్లో, వీధి వైపు ముఖం పెట్టి పడుకుంది. ఆమె చెంప ఆ తెల్లగుడ్డకు ఆనింది.

"అంగడి నాది గదా గోవిందసామీ. పండుకుంటే పోయేదే అయితే నా వల్లనే పోనీ. పనివాని మీద ఎందుకు తోస్తావు?"

"లెయ్ వదినా, ఈదిలో జనం సూస్తా ఉండారు."

"సూడనీ. మునిరత్నం, చేతులు యాడ పెట్టాల?"

నేను పక్కన కూలబడి, "భుజాల కింద పెట్టండమ్మా" అన్నాను. ఆమె చేతులు ఆనించి జానెడు పైకి లేచి, రొప్పుతూ మళ్ళీ పడింది. అదే సమయానికి తల్లీకూతుళ్ళిద్దరు గడప దగ్గరికి వచ్చి, లోపల ఏదో జరిగిందనుకుని ఆగిపోయారు. ఆమె పడుకున్నచోటు నుంచే తలెత్తి, "రండమ్మా, అంగడి తెరిచే ఉండాది, కూర్చోండి" అంది. వాళ్ళు బెరుగ్గా వచ్చి కూర్చున్నారు. పది చీరలు తీయించి చూసి, ఒక్కటీ కొనకుండా వెళ్ళారు. గోవిందస్వామి అది చూసి ఏదో అనబోయి, వదిన ముఖం చూసి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నేను బీరువా వెనక్కి వెళ్ళలేదు. పరుపు మీదే, అందరి ముందే చేసుకున్నాను. ఆమె కర్పూరం మాత్రం మానలేదు.

నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. వానాకాలంలో ఇప్పటికీ పలకరిస్తుంది. కానీ ఆపరేషను తప్పింది, పరుపు మీద కూర్చోగలిగాను, ఇద్దరు పిల్లల్ని చదివించాను. అంగడి మాత్రం నిలవలేదు. కొన్నేళ్ళు ఈదుకుంటూ వచ్చి, చివరికి సరుకు తెగనమ్మి మూసేశారు. నేను తిరుపతి వచ్చేశాను. గోవిందస్వామి కనిపించిన వాళ్ళందరికీ, అంగట్లో మనుషుల్ని పడుకోబెట్టుకుంటే ఇంకేమవుతుందని చెప్పాడట. ఆ మాట నా చెవిన కూడా పడింది. అద్దాల మేడ వల్ల పోయిందని నాకు తెలుసు. ఆ వీధిలో మాదొక్కటే కాదు, చాలా అంగళ్ళు మూతబడ్డాయి. తెలిసినా నా మనసు నిలవలేదు. ఆమె ఏమనుకుంటోందో వినాలి. వింటే తట్టుకోగలనా అని భయం.

ఆమె పోవడానికి కొన్ని నెలల ముందు చిత్తూరు వెళ్ళాను. అద్దె ఇంట్లో, చేతికర్ర పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూనే ఉంది. నన్ను చూడగానే, ఒళ్ళు చేశావు, వ్యాయామం మానేశావా అని తిట్టింది. కాఫీ ఇచ్చింది. లేవబోతూ అడిగేశాను.

"అమ్మా, నా వల్లనే అంగడి పోయిందని మీకు ఎప్పుడైనా అనిపించిందా?"

మెత్తటి మాట ఏదో చెప్పి పంపుతుందనుకున్నాను.

"అనిపించేదేంది? పోతాదనే అనుకున్నాను. నువ్వు పండుకున్నప్పుడల్లా అనుకున్నాను."

"మరెందుకు పండుకోనిచ్చినారు?"

ఆమె నడక ఆపింది. మంచం అంచున కూర్చుంది. చాలాసేపు కూర్చుంది.

"మా ఆయన ఆ పొద్దు పొద్దున్నించీ అడిగినాడు, ఒక్క నిమిసం నడుం వాలుస్తానే అని. పెండ్లి బేరం ఎదురుగా ఉండాది. అంగట్లో పండుకోకూడదు, కూర్చో అన్నాను నేను. కూర్చునే పోయినాడు. మళ్ళా ఇంకొకరికి ఆ మాట చెప్పేదానికి నాకు నోరు రాలేదప్పా."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. నడుం బాగానే ఉంది, నాకే కూర్చోబుద్ధి కాలేదు. పడుకుంటే అంగళ్ళు పోవని నాకు తెలుసు కనుక ఆ పరుపు మీద పడుకోవడం నాకు తేలిక. ఆమెకు అది తెలియదు. చివరిదాకా నమ్మకం మార్చుకోలేదు. నేను బోర్లా పడుకున్న ప్రతిసారీ తన అంగడి గడప దాటి వెళ్ళిపోతోందనే ఆమె అనుకుంది, అనుకుంటూనే నన్ను పడుకోనిచ్చింది.