పళ్ళ బాబాయి నీటిబొట్టు

కట్టుడు పళ్ళు చేయడం పళ్ళ బాబాయి వృత్తి. ఓడిపోవడం చేతకాకపోవడం ఆయన జబ్బు. మొదటిదాంతో ఇల్లు గడిచేది, రెండోదాంతో ఇంటిల్లిపాదికీ ప్రాణం విసిగేది.

పళ్ళసెట్ల చిగుళ్ళకు వాడే గులాబీరంగు ముద్ద మిగిలితే పారేయడానికి చేతులు రాక, దాంతో ఏకకణ జీవుల్ని చేసి ఒక ఆట కనిపెట్టాడు. బోర్డు నిండా ఒక పెద్ద నీటిబొట్టు. అందులో తలా ఒక జీవి. వంతు వచ్చినప్పుడు నాచు తినొచ్చు, తిన్నది ఖర్చుపెట్టి ఈదడానికి తోకో, ఎవరూ మింగకుండా పెంకో మొలిపించుకోవచ్చు, పక్కవాడి జీవిని మింగనూ వచ్చు. ఎవరి జీవి మిగిలితే వాళ్ళు గెలిచినట్టు. నిజం చెప్పొద్దూ, ఆట మంచిదే. చిక్కంతా చేసినవాడితోనే.

కూతురు తోక మొలిపించి ఆయన జీవిని మింగబోతే అడ్డం పడేవాడు.

"ఆగమ్మా, తోకున్నది మింగకూడదు."

"ఎప్పట్నుంచి నాన్నా?"

"ఇప్పట్నుంచి."

ఓసారి బావమరిది గెలిస్తే మూతి ముడుచుకుని అన్నానికి రాలేదు, మహానుభావుడు. దాంతో అందరూ చప్పున ఓడిపోవడం నేర్చుకున్నారు. ఆయన భార్య, మన పిన్ని, పెంకు ముట్టుకోకుండా తన జీవిని నేరుగా ఆయన జీవి ముందు పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. "ఈ ఇంట్లో బుర్రున్నది నాకొక్కడికే" అని బాబాయి చంకలు గుద్దుకునేవాడు.

ఆటవస్తువుల కంపెనీ ఒకటి ఆట చూస్తామని కబురు చేసింది. ఇక ఆయన కాళ్ళు నేలమీద నిలవలేదు. ఇద్దరు ముసలాళ్ళు బోసినోళ్ళతో పళ్ళసెట్ల కోసం ఎదురుచూస్తుంటే, ఈయన పెట్టె మీద తన పేరు ఎంత పెద్దగా ఉండాలా అని కొలుచుకుంటూ కూర్చున్నాడు. బతుకులో ఆయన ఇంతగా కోరుకున్నది మరొకటి లేదు.

కంపెనీ ఆవిడ వచ్చి, "మీరు ఆడండి, నేను చూస్తాను" అంది. పరాయివాళ్ళ ముందు ఆయన పరువు నిలబెట్టాలని ఇంట్లోవాళ్ళు ఇంకా తొందరగా ఓడిపోయారు. ఆవిడ టీ చల్లారకముందే బోర్డు మీద బాబాయి జీవి ఒక్కటే మిగిలింది. ఇంకోసారి ఆడమంటే అదే వరస. బాబాయి మాత్రం మీసం దువ్వుకుంటున్నాడు.

"మీరు పెంకు ఎందుకు తీసుకోలేదండీ?" అని ఆవిడ పిన్నిని అడిగింది.

"తీసుకుంటే ఆయన ఓడిపోతారు కదమ్మా!"

ఆవిడ సంచీ భుజాన వేసుకుని లేచింది. "ఆట ఎలాంటిదో తెలియాలంటే ఎవరైనా ఆడాలి కదండీ" అని వెళ్ళిపోయింది.

బాబాయి ముఖం మాడిపోయింది. పిన్నిని పిలిచి, "కూర్చో. ఈసారి నిజంగా ఆడు" అన్నాడు. ఆ ఒక్క క్షణం ఆయన మీద జాలి కూడా కలిగింది.

పిన్ని కూర్చుంది. నాచు మేసింది, పెంకు మొలిపించుకుంది, ఆయన జీవిని గుటుక్కున మింగేసింది.

బాబాయి గుడ్లప్పగించి చూశాడు.

"ఆగాగు. పెంకున్నది మింగకూడదు."

"ఎప్పట్నుంచండీ?"

"ఇప్పట్నుంచే."

పిన్ని మింగిన జీవిని తీసి ఆయన అరచేతిలో పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.