షహర్ బానో మేడ మీద పాన్సీ కాయ

చిలకలగూడలో మగ్గం పనికి షహర్ బానో పెట్టింది పేరు. పెళ్లి దుపట్టాల మీద ఆమె సూది నడిస్తే జరీపూలు లేచి నిలబడతాయి. కానీ ఈ చలికాలమంతా ఆమె ప్రాణం మేడ మీది మట్టికుండీలో ఉంది.

ఆమె పోసిన నారులో ఒక్క పాన్సీ మొక్క ఎన్నడూ చూడని రంగులో పూసింది. ఇటుకరంగు రేకులు, అంచున ఊదా. ఐదు రేకుల్లో రెండు వెనక నిలబడ్డాయి, రెండు పక్కలకు వాలాయి, ఒకటి గడ్డంలా కిందికి వేలాడింది. ముందున్న మూడింటి మీదా నల్లమచ్చ, నడుమ పసుపు చుక్క.

"అచ్చం మా మామ మొహమే! కోపం సుత గట్లనే ఉంది," అని పక్కింటి దేవమ్మ నవ్వింది.

ఎండలు ముదిరితే ఆ మొక్క బతకదు. ఈలోగా విత్తనం చేతికి రావాలి. అలాంటిది మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

బానో యాప్రాల్‌లోని చెల్లెలింటికి వెళ్లిన రోజు, నీళ్లు పోయడానికి దేవమ్మ మేడెక్కింది. తన చామంతులకు చేసినట్టే వాడిన పూలనల్లా గిల్లేసింది. వాటితో కాయలూ పోయాయి.

"మంచి చేద్దామనుకున్ననే బానో! గిల్లితే ఇంకిన్ని పూస్తయని..." దేవమ్మ ముఖం చిన్నబోయింది.

"పూస్తయక్కా. కానీ ఎండల్ల మళ్ల కాయ నిలవాలె గద!"

ఆకులు తప్పించి వెతికితే, మట్టికి ఆనుకుని ఒకే ఒక్క పచ్చికాయ కనిపించింది. పచ్చిగా ఉన్నంతసేపూ పాన్సీ కాయ తల వంచుకునే ఉంటుంది. పండితే ఎత్తుతుంది. ఆపైన మూడు చీలికలుగా విచ్చుకుని, ఎండి ముడుచుకుంటూ గింజల్ని దూరంగా చిమ్మేస్తుంది. అందుకని బానో దుపట్టా నెట్ ముక్కతో చిన్న సంచి కుట్టి కాయకు తొడిగింది.

"ఏందీ, కాయకు పెండ్లి ముసుగేసినవా?" అన్నాడు భర్త ఫరూఖ్.

నాలుగు కుట్లు వేయడం, మేడెక్కి చూడడం. అదే పని.

"రంజాన్ చాంద్ కోసం సుత గింత పరేషాన్ కాలే నువ్వు!" అని ఫరూఖ్ ఆటపట్టించాడు.

దేవమ్మ అయితే మధ్యాహ్నాలు కుండీకి గొడుగు పట్టి కూర్చుంది.

ఒక పొద్దున మేడ మీంచి ఆమె కేక: "బానో! తల ఎత్తిందే! ఉరుకు!"

బానో సూదిని గుడ్డకే గుచ్చి, చెప్పుల్లేకుండా మెట్లెక్కింది. వెనకే చాయ్ కప్పుతో ఫరూఖ్. సంచిలో కాయ మూడు చిన్న పడవల్లా విచ్చుకుని ఉంది. దేవమ్మ గొడుగు ఇంకా ముందుకు వంచింది.

"గొడుగు తియ్యక్కా, జెర ఎండ తగలనీ!"

తీసింది. ఎండలో చీలిక అంచులు దగ్గరపడ్డాయి.

టక్.

నెట్ చిన్నగా అదిరింది. మళ్లీ టక్!

"కొడుతున్నయే! లోపట్నించి కొడుతున్నయి!" దేవమ్మ చప్పట్లు చరిచింది. ఫరూఖ్ చాయ్ సగం చొక్కా మీదే ఒలికింది.

చప్పుళ్లు ఆగాక బానో సంచి విప్పి, దేవమ్మ అరచేతిలో బోర్లించింది. నున్నటి గోధుమరంగు గింజలు.

"నాకెందుకిస్తవే? మళ్ల గిల్లుత నేను!"

"సగం నీవే అక్కా. చలి షురూ అయితుంటే నాటుదాం. పైన మన్ను కప్పాలె, చీకట్లనే మొలుస్తయి."

"రంగు గిదే వస్తదా?"

"తెల్వదక్కా!" బానో కళ్లు మెరిశాయి. "ఏ రంగైనా రావొచ్చు!"